పెళ్లి రిసెప్షన్‌లో జంట డాన్సు: అలవాటు లేని వధూవరుల ప్రశ్నలు, జవాబులు

కర్నూలులో పెళ్లి జంటలకు అడుగులు నేర్పుతుంటాను. ముహూర్తాలు మొదలైతే చాలు, అవే సందేహాలతో ఫోన్లు వస్తాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది బడి వార్షికోత్సవంలో కూడా స్టేజీ ఎక్కనివాళ్లు. ఈ జవాబులు వాళ్ల కోసమే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిర్ణయించుకునే ముందు

నాకు డాన్సు అసలు రాదు. నలుగురిలో నవ్వులపాలు అవుతానేమో?

నడక వచ్చినవాళ్లందరికీ ఇది వస్తుంది. పాటకు తగ్గట్టు ఇద్దరూ కలిసి నడవడం, ఒకచోట ఆగడం, ఒకసారి తిరగడం, ఇంతకు మించి అవసరం లేదు. రిసెప్షన్‌కు వచ్చిన బంధువులు మీ ముఖాలు చూస్తారు, పాదాలను పట్టించుకునేవాళ్లు అరుదు. చూడటానికి ఇబ్బందిగా ఉండేది ఒక్కటే: రాని గిరికీలు, ఎత్తి తిప్పడాలు వారం రోజుల్లో నేర్చుకుని, స్టేజీ మీద పెదాలతో లెక్క పెట్టుకుంటూ బిగుసుకుపోవడం. తేలికైనవి ఎంచుకుని వాటినే హాయిగా వేయండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఎలా నచ్చజెప్పాలి?

ముందు వాళ్ల అభ్యంతరం దేనిమీదో కనుక్కోండి. చాలా ఇళ్లలో డాన్సు మీద పట్టింపు ఉండదు. తాళి కట్టకముందే నడుము మీద చెయ్యి వేయడం, దగ్గరగా నిలబడటం వాళ్లకు నచ్చదు. రిసెప్షన్ ముందు రోజు రాత్రే పెట్టుకునే ఇళ్లలో ఈ మాట రావడం సహజం, దాన్ని గౌరవించాలి. తాకకుండానే మంచి డాన్సు కూర్చవచ్చు. రెండు మూరల ఎడంలో ఎదురెదురుగా నిలబడి, ఒకరు కుడికి అడుగు వేస్తే రెండోవారు ఎడమకు వేస్తారు. చివర్లో చేతులు జోడించి అతిథులకు నమస్కరిస్తే అందంగా ముగుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. మొదటి కొన్ని అడుగులు పెళ్లికూతురు మేనమామతోనో, పెళ్లికొడుకు నాన్నమ్మతోనో వేసి, తర్వాత ఇద్దరూ కలవండి. అలా చేస్తే అది ఇంటిల్లిపాది వేడుక అవుతుంది. ఏం చేసినా వారం ముందే ఇంట్లో ఒకసారి వేసి చూపించండి. పెద్దవాళ్లకు చెప్పకుండా స్టేజీ మీద ఆశ్చర్యపరచాలనే ఆలోచన నాకు నచ్చదు. ఆ రాత్రి తాతయ్య ముఖం చిన్నబోతే, తెల్లవారి పీటల మీద కూర్చున్నప్పుడూ మీకు అదే గుర్తొస్తుంది.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటే నిశ్చింత. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు చేయడం కంటే రోజుకు 20 నిమిషాలు చేయడం మేలు. నేర్చుకున్న కదలిక నిద్రలో స్థిరపడుతుంది, అందుకే రోజూ కొంత చేసినవాళ్ల కాళ్లకు అది అలవాటైపోతుంది. శ్రావణంలో పెళ్లయితే ఆషాఢం మంచి అవకాశం. అప్పుడు ముహూర్తాలు ఉండవు కాబట్టి డాన్సు మాస్టార్లకూ తీరిక దొరుకుతుంది. మీకు వారమే మిగిలి ఉంటే రెండే కదలికలు ఎంచుకోండి, పాటను నిమిషానికి కత్తిరించండి.

మాస్టారు తప్పనిసరా? ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోలేమా?

నేర్చుకోవచ్చు. ఒక చిక్కు మాత్రం ఉంది. వీడియోలో మనిషి మీకు ఎదురుగా ఉంటాడు, అతని కుడి మీకు ఎడమవైపు కనిపిస్తుంది. ఇద్దరిలో ఒకరు అతని వైపును, మరొకరు తమ వైపును అనుసరిస్తే రోజంతా ఢీకొంటూనే ఉంటారు. వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి చూపించే యాప్‌లు ఉన్నాయి, వాటిని వాడండి.

మాస్టారిని పెట్టుకుంటే నాలుగైదు తరగతులు సరిపోతాయి. మొదటి రోజే ఆయన మిమ్మల్ని నడిపించి చూస్తే మంచి గురువు దొరికినట్టే. మీరెవరో చూడకుండా సిద్ధంగా ఉన్న స్టెప్పులు నేర్పేస్తానంటే వేరొకరిని వెతకండి.

ఇద్దరమే చేయాలంటే భయం. గుంపుగా చేస్తే?

చాలా బాగుంటుంది. కోలాటం తెలిసిన అత్తలు, పిన్నులు మన ఊళ్లలో ఉంటారు, అడిగితే సంతోషంగా వస్తారు. మధ్యలో మీరిద్దరూ, చుట్టూ వాళ్లు ఉంటే మీరు నాలుగు అడుగులు వేసినా స్టేజీ నిండుగా కనిపిస్తుంది. మగవాళ్ల వైపు చెక్కభజన తెలిసినవాళ్లు ఉంటే ఇంకా మంచిది. రాయలసీమ పల్లెల్లో పుట్టి పెరిగిన కళను పెళ్లి స్టేజీ ఎక్కించిన తృప్తి కూడా దక్కుతుంది.

## పాట

ఎలాంటి పాట ఎంచుకోవాలి?

మీ నడకకు సరిపోయే పాట. మామూలుగా నడిచే మనిషి నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తాడు. పాట పెట్టి తొడ మీద తాళం వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి నాలుగుతో గుణించండి. 25 దెబ్బలు పడితే నిమిషానికి 100 అన్నమాట. 90 నుంచి 110 మధ్య ఉంటే కొత్తవాళ్లకు అనుకూలం. 130 దాటితే ఆయాసం వస్తుంది, పట్టుచీరలో అయితే మరీను. 60, 70 లోపు ఉన్న పాట తేలికనిపిస్తుంది కానీ అడుగుకూ అడుగుకూ మధ్య ఒంటికాలి మీద ఎక్కువసేపు ఆగాల్సి వస్తుంది, అందులో తూలడం కనిపిస్తుంది.

మాటలు కూడా చూసుకోండి. ట్యూను బాగుందని విరహగీతం పెట్టుకున్న జంటలు ఉన్నారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు ప్రతి పదం అర్థమవుతుంది.

మా పాటకు ఎలా లెక్కపెట్టినా అడుగు కుదరడం లేదు. ఎందుకు?

బహుశా అది మూడు లెక్కల పాట (మూడు దెబ్బలకోసారి తాళం తిరిగేది) అయ్యుంటుంది, మీరు నాలుగు లెక్కల అడుగు వేస్తున్నారు. సంగీతం రాకపోయినా దీన్ని తేల్చుకోవచ్చు. పాట వింటూ పైకి ‘తకధిమి తకధిమి’ అనండి. బలమైన దెబ్బ ప్రతిసారీ ‘త’ మీద పడితే అది చతురశ్ర నడక, అంటే నాలుగు లెక్కలది. జంట డాన్సుకు ఎక్కువగా వాడేది ఇదే. ఎనిమిది లెక్కలకు ఒక ఆవృతం (తాళం ఒక చుట్టు) అనుకుంటే కర్ణాటక సంగీతంలోని ఆదితాళంలో ఉండే ఎనిమిది అక్షరాల్లాగే చేతివేళ్లమీద లెక్క వస్తుంది.

తకధిమి జారిపోయి ‘తకిట తకిట’ అతికినట్టు కుదిరితే అది తిశ్ర నడక, అంటే మూడు లెక్కలది. చాలా జానపద పాటలది ఇదే. పాట వేగంగా ఉంటే ప్రతి ‘త’ మీద ఒక్క అడుగు వేయండి, ‘కిట’ దగ్గర మోకాలు కొద్దిగా వంచి లేవండి. అప్పుడది మళ్లీ మామూలు నడకే అవుతుంది. నెమ్మదిగా సాగే తిశ్రం అయితే ‘త’కు పెద్ద అడుగు, ‘కి’, ‘ట’లకు రెండు చిన్న అడుగులు. పాశ్చాత్యుల వాల్ట్జ్ నాట్యం ఈ మూడు లెక్కల మీదే నడుస్తుంది. ఇందులో మొదటి అడుగు ఒకసారి కుడికాలు, తర్వాతిసారి ఎడమకాలు వేయాల్సి వస్తుంది, కొత్తవాళ్లు తడబడేది అక్కడే. సమయం తక్కువ ఉంటే తకధిమి పాటకు మారిపోండి.

పాట మొత్తం వేయాలా?

వద్దు. ఒకటిన్నర నిమిషం చాలు, రెండు నిమిషాలు దాటితే చూసేవాళ్ల దృష్టి భోజనాల వైపు మళ్లుతుంది. నిమిషానికి 100 దెబ్బల పాటలో ఎనిమిది లెక్కలకు ఐదు సెకన్ల కంటే కొంచెం తక్కువ పడుతుంది. అంటే ఒకటిన్నర నిమిషంలో దాదాపు 19 ఎనిమిదులు. స్టేజీ మీదకు రావడానికి రెండు, కింద చెప్పే నాలుగు కదలికలు నాలుగేసిసార్లు వేస్తే పదహారు, చివరి భంగిమకు ఒకటి. పాట నిండిపోయింది! కత్తిరించేటప్పుడు పల్లవి ముగిసేచోట కత్తిరించండి. చరణం మధ్యలో ఆగితే పాట తెగినట్టు వినిపిస్తుంది.

సినిమా పాట పెట్టుకోవడానికి లైసెన్సు కావాలా?

పెళ్లికీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. వీడియోను తర్వాత సామాజిక మాధ్యమాల్లో పెట్టడం వేరే సంగతి. అక్కడ పాట శబ్దాన్ని తీసేసే అవకాశం ఉంది.

## సాధన

కచ్చితంగా ఏ అడుగులు నేర్చుకోవాలి?

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నాలుగు నేర్పుతాను. మొదటిది పక్క అడుగు: కుడికాలు పక్కకు, ఎడమకాలు తెచ్చి ఆనించడం, మళ్లీ ఎడమకు. రెండోది చెట్టాపట్టాలు వేసుకుని నాలుగు అడుగులు ముందుకు, నాలుగు వెనక్కి. మూడోది కుడి అరచేతులు ఆనించి ఒకరి చుట్టూ ఒకరు ఎనిమిది అడుగుల్లో తిరగడం. ప్రదక్షిణలో గర్భగుడి కుడివైపు ఉన్నట్టే ఇక్కడ ఆనించిన చేతులు కుడివైపు ఉంటాయి, దిక్కు ఎప్పుడూ మరచిపోరు.

నాలుగోది చెయ్యి కింద తిరగడం. అందరికీ నచ్చేది ఇదే, అందరూ తడబడేదీ ఇదే. తప్పంతా పట్టులో ఉంటుంది. పెళ్లికొడుకు ఆమె చేతిని గట్టిగా పట్టుకుంటే తిరిగేటప్పుడు మణికట్టు మెలిపడుతుంది. ఆయన చెయ్యెత్తి రెండు వేళ్లు కిందికి దించాలి, ఆమె వాటిని గుప్పిట్లో వదులుగా ఉంచుకోవాలి. వేళ్లు గుప్పిట్లోనే తిరుగుతాయి. చెయ్యి ఆమె ముఖం ముందు కాకుండా సరిగ్గా నడినెత్తి మీద, పాపిటబిళ్లకు జానెడు పైన ఉండాలి. ముందుకు వస్తే ఆమె తల వంచాల్సి వస్తుంది, వెనక్కి పోతే నడుము వాలిపోతుంది. ఆమె నాలుగు చిన్న అడుగుల్లో తిరిగి, మిగిలిన నాలుగు లెక్కలు నిలకడగా ఊగితే కళ్లు తిరగవు. మొదటి రెండు రోజులు పాట లేకుండా ఈ ఒక్కటే చేయండి.

ఇద్దరిలో ఎవరు ఏ కాలితో మొదలుపెట్టాలి?

ఎదురెదురుగా ఉన్నప్పుడు పెళ్లికొడుకు ఎడమకాలు, పెళ్లికూతురు కుడికాలు. పక్కపక్కన ఉన్నప్పుడు ఇద్దరూ కుడికాలు. పెళ్లిలో కుడికాలు ముందు పెట్టడం ఎలాగూ అలవాటే.

ఆయన బెంగళూరులో ఉద్యోగం, నేను కర్నూలులో. కలిసి సాధన ఎలా?

సుమారు 360 కిలోమీటర్లు ప్రతి వారం రమ్మనలేరు కదా. వీడియో కాల్‌లో ఒకే పాటకు ఇద్దరూ కలిసి వేయాలని చూడకండి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, మీకు ‘త’ వినిపించేసరికి అక్కడ ‘క’ దాటిపోతుంది, తప్పు ఎవరిదో తేలక విసుగొస్తుంది. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోనులో పాట పెట్టుకుని సాధన చేసి, వీడియో తీసి పంపుకోండి. ఆ రెండు వీడియోలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇట్టే తెలుస్తాయి. చేతులు పట్టుకునే కదలికలకు మాత్రం ముఖాముఖి తప్పదు. బట్టల కొనుగోలుకో పత్రికల పంపకానికో ఆయన వచ్చినప్పుడు గంటసేపు కేటాయించండి. పెళ్లికి ముందు అలాంటివి రెండు మూడు దొరికితే చాలు.

సాధన చేయడానికి చోటెక్కడ?

మంచాలు జరిపితే హాల్లో పది అడుగుల చోటు వస్తుంది, సరిపోతుంది. మన ఇళ్లలో పరిచిన బేతంచెర్ల బండలు, కడప బండలు పాలిష్ మీద నున్నగా ఉంటాయి. మేజోళ్లతో చేస్తే జారిపడతారు, ఉత్త కాళ్లతో చేయండి. బండ గట్టిది కాబట్టి ఎగిరే స్టెప్పులు మోకాళ్లకు మంచివి కావు. ఎండాకాలంలో మిద్దె మీద రాత్రి ఎనిమిది దాటినా సెగ పోదు, తెల్లవారుజామున వెళ్లండి.

సాధనలో ఇద్దరికీ పోట్లాట అవుతోంది. ఏమి చేయమంటారు?

కంగారుపడకండి, చాలా జంటలకు అవుతుంది. తప్పు చెప్పే పని రోజుకు ఒకరికే అప్పగించండి: ఇవాళ ఆమె, రేపు ఆయన. రెండోవారు ఆ రోజు ఎదురు చెప్పకూడదు. తప్పును కూడా మనిషికి అంటగట్టకుండా లెక్కకు అంటగట్టి చెప్పండి. ‘నువ్వు ఎప్పుడూ ఆలస్యమే’ అనే మాటకూ ‘ఐదో లెక్క దగ్గర కాలు ఆలస్యమవుతోంది’ అనే మాటకూ చాలా తేడా ఉంది. రెండోది దిద్దుకోవచ్చు. పెళ్లి పనుల అలసటతో ఉన్న రోజు సాధన మానేసి పాట వినండి.

## బట్టలు, నగలు

పట్టుచీరతో అడుగు పడుతుందా?

పడుతుంది, కానీ కట్టుకునే తీరు మార్చాలి. ధర్మవరం, కంచి చీరల జరీ అంచు బిరుసుగా నిలబడుతుంది, వెనక్కి అడుగు వేస్తే మడమ కింద పడుతుంది. కుచ్చిళ్లను నడుము దగ్గర ఒక పిన్నుతో, జానెడు కింద లోపలి వైపు లంగాకు కలిపి ఇంకో పిన్నుతో బిగించండి. ఆ రోజు వేసుకునే చెప్పులతోనే నిలబడి అంచును నేలకు అంగుళం పైన ఉంచండి. లోపల నూలు లంగా వేస్తే పట్టు జారదు. ఒంటికి అతుక్కునే సన్నటి లంగాలు వేస్తే అడుగు సగానికి తగ్గిపోతుంది. పైటను భుజం మీద మడతలతో బిగించి, కొంగును నడుము చుట్టూ తెచ్చి దోపుకోవచ్చు.

పది రోజుల ముందు నుంచీ అమ్మ పాత పట్టుచీర కట్టుకుని సాధన చేయండి. చుడీదార్‌లో బాగా వచ్చిన అడుగు చీరలో రాదు, అది ముందే తెలియాలి.

పూలజడ, గాజులు, మెట్టెలతో ఇబ్బంది ఉంటుందా?

పూలజడతో ఉంటుంది. గుండ్రంగా తిరిగినప్పుడు జడ బరువుకు బయటికి విసురుగా లేచి పెళ్లికొడుకు మోచేతికో ముఖానికో తగులుతుంది. పూలజడ ఉంటే నెమ్మదిగా తిరగండి, ఆయన ఒక అడుగు వెనక్కి ఉండాలి. జడ కుదిరాక కనీసం రెండుసార్లు తిరిగి చూసుకోండి. గాజుల చేతిని మణికట్టు దగ్గర కాకుండా వేళ్ల దగ్గర పట్టుకుంటే గాజులు చిట్లవు. పెళ్లి తర్వాత రిసెప్షన్ అయితే కొత్త మెట్టెలు బిగుతు బూట్లలో వేళ్లను ఒరుసుకుంటాయి, ముందు తెరిచి ఉన్న చెప్పులు ఎంచుకోండి. లెహంగా అయితే పట్టీల మువ్వలు లోపలి నెట్టు గుడ్డకు తగులుకుంటాయి, ఆ కాసేపు పట్టీలు తీసి అక్క చేతికి ఇవ్వండి.

పెళ్లికొడుకు బట్టల సంగతి?

కొత్త బూట్ల అడుగు నున్నగా ఉంటుంది, నాలుగు రోజులు ఇంట్లో తొడిగి నడవాలి. షేర్వాణీ వేసుకుని చెయ్యి పైకెత్తి చూడండి, చంక దగ్గర పట్టేస్తే దర్జీకి చెప్పండి.

## హాలు, స్టేజీ, సౌండు

స్టేజీని ముందే చూడాలా?

తప్పకుండా. ఫంక్షన్ హాలు పెద్దదైనా పూల అలంకరణ, సోఫా, మెట్లు పోగా మీకు మిగిలేది తక్కువ. సోఫాను వెనక్కి జరుపుతారో లేదో డెకరేషన్ వాళ్లను అడిగి, మిగిలే చోటును అడుగులతో కొలుచుకోండి. బల్లలు కలిపి కట్టిన స్టేజీ అయితే అతుకుల దగ్గర సందులుంటాయి, సన్న మడమ చెప్పులు అందులో దిగబడతాయి. కార్పెట్ ముడతలను టేపుతో అంటించమనండి. పెళ్లి జరిగిన స్టేజీ మీదే సాయంత్రం డాన్సు అయితే తలంబ్రాల బియ్యం గింజలు, అక్షింతలు, పూరేకులు కార్పెట్ మీద ఉండిపోతాయి. బియ్యం గింజల మీద కాలు పెడితే చక్రాల మీద పెట్టినట్టే. ఊడ్చే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించండి.

మబ్బుల్లా పొగ వేయిస్తామంటున్నారు. మంచిదేనా?

ఫొటోల్లో బాగుంటుంది. డ్రై ఐస్ పొగ నేలను చెమ్మగిల్లేలా చేస్తుంది, ద్రవం పోసే యంత్రాల పొగ సన్నటి జిడ్డు పొర వదులుతుంది. రెండింటిలోనూ జారుడే. పొగ కావాలంటే మొదటి అడుగులకే పరిమితం చేసి, తిరిగే కదలికలను వదిలేయండి.

పాటను సౌండ్ వాళ్లకు ఎలా ఇవ్వాలి?

కత్తిరించిన పాటను పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇద్దరి ఫోన్లలో ఒక్కొక్కటి ఉంచండి. ఇంటర్నెట్ నుంచి నేరుగా మోగించవద్దు. వందలమంది ఉన్న హాల్లో సిగ్నల్ ఆగుతుంది, ఉచిత యాప్‌లో ప్రకటన మోగవచ్చు. ఫోను నుంచి మోగిస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేదంటే మధ్యలో వంటమాస్టారి కాల్ వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట: పెద్ద బాక్సులన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి. స్టేజీ మీద మీకు వినిపించేది హాలు వెనక గోడకు తగిలి ఆలస్యంగా వచ్చే శబ్దం, దానితో లెక్క తప్పుతుంది. ఒక బాక్సును మీ వైపు తిప్పమని అడగండి.

డాన్సు ఎన్ని గంటలకు పెట్టుకోవాలి?

ఎనిమిదిన్నరకు. అప్పటికి హాలు నిండుతుంది, పెద్దవాళ్లు భోజనాలకు ఇంకా లేచి ఉండరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగించకూడదు. పచ్చిక మైదానంలో రిసెప్షన్ పెట్టుకున్నవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కానుకల వరుస మొదలయ్యాక మధ్యలో ఆపడం కష్టం.

## ఆ రాత్రి

గుండె దడదడలాడుతుంది. ఎలా తగ్గించుకోవాలి?

స్టేజీ ఎక్కే ముందు నాలుగు లెక్కలు గాలి పీల్చి, ఆరు లెక్కలు వదలండి, పదిసార్లు చేయండి. కంగారులో అడుగులు పాటకంటే ముందే పడతాయి. అందుకే మొదటి ఎనిమిది లెక్కలు కదలకుండా ఒకరినొకరు చూసుకుంటూ నిలబడేలా కూర్చుకోండి. ఆ ఐదు సెకన్లలో చెవి పాటను పట్టుకుంటుంది.

మధ్యలో మరచిపోతే?

పక్క అడుగుకు వచ్చేయండి, తర్వాతి ఎనిమిదిలో కలుసుకోండి. సాధనలోనే కావాలని ఒకసారి ఆపి, పక్క అడుగుతో మళ్లీ అందుకోవడం అభ్యాసం చేయాలి. ఇద్దరి మధ్య ఒక సైగ ఉంటే ఇంకా మంచిది: చేతిని రెండుసార్లు నొక్కితే ‘పక్క అడుగు’ అని అర్థం.

కరెంటు పోయి పాట ఆగిపోతే ఏమి చేయాలి?

జనరేటర్ అందుకునే వరకు చేతులు పట్టుకుని నిలబడండి. చప్పట్లతో దరువు వేయమని ముందు వరుసలోని స్నేహితులకు ముందే చెప్పి ఉంచితే మీరు ఆగాల్సిన పని కూడా ఉండదు.

డాన్సు అయిపోయాక?

చివరి భంగిమలో ఎనిమిది లెక్కలు కదలకండి, ఫొటోగ్రాఫర్‌కు ఆ కాసేపు కావాలి. తర్వాత రెండు వైపులా నమస్కరించి, ఇరువైపుల తల్లిదండ్రులను స్టేజీ మీదకు పిలవండి. మంచినీళ్లు, చెమట తుడుచుకోవడానికి మెత్తటి రుమాలు, తీసిన పట్టీలు పట్టుకుని అక్కనో చెల్లెలినో మెట్ల దగ్గరే ఉండమనండి. కానుకల వరుస మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు ఆగమని మేనమామకు చెప్పి ఉంచాలి, ఆయన మాటయితే ఎవరూ కాదనరు.